మీదికి ఎగబడే పుంజును దారికి తేవడం

నిన్నటిదాకా చేతిలో గింజలు తిన్న పుంజు ఆరేడు నెలలకు ఈడుకొస్తుంది, ఒక పొద్దున మీ కాళ్ల మీదికి ఎగురుతుంది. కోనసీమ, భీమవరం వైపు పెరటి కోళ్లలో పందెం జాతి కలిసినవి చాలా ఉంటాయి కాబట్టి ఇది ఇక్కడ మామూలే. ఒళ్లో పెట్టుకుని పెంచినదైతే మరీను. దానికి మనిషంటే బెదురుండదు, మనల్నీ సాటి పుంజే అనుకుంటుంది.

ముందు ఒక రెక్క జార్చి పక్కవాటుగా నడుస్తుంది. మెడ ఈకలు విప్పి తల వంచిందంటే దూకబోతోందని అర్థం. అప్పుడు పరుగెత్తకండి, తన్నకండి. పరుగెత్తితే తానే గెలిచానని, తన్నితే పోరుకు పిలిచారని అనుకుంటుంది. చీపురు దెబ్బలు తిన్న పుంజు మర్నాడు ఇంకా కసిగా వస్తుంది.

చివర ఆకులు ఉంచిన నడుమెత్తు కొబ్బరి మట్ట దగ్గర పెట్టుకోండి. కొట్టడానికి కాదు, మధ్యలో అడ్డం పెట్టడానికి. అది తల తిప్పుకుని పక్కకు జరిగేదాకా మెల్లగా దాని వైపే నడవండి. జరగగానే వదిలేయండి. గింజలు కూడా అది వెనక్కి తగ్గాకే చల్లాలి. ఇంట్లో ఒకరు నిలబడి మరొకరు పారిపోతే ఈ కష్టమంతా వృథా.

పిల్లల్ని మాత్రం ఈ పనికి పెట్టకండి, పుంజు కాలి వెనక ఉండే ముల్లు కంటికి తగులుతుంది. వాళ్లు ఆడుకునే వేళ పుంజును నీడలో గంప కింద మూసి, లోపల నీళ్లు పెట్టి, పైన రాయి ఉంచండి. కాలికి తాడేసి గుంజకు కట్టొద్దు. తప్పించుకునే దారి లేని పుంజు దగ్గరికొచ్చిన ప్రతిదాన్నీ పొడుస్తుంది.

ముల్లు వాడిగా ఉంటే చీకటి పడ్డాక పట్టుకుని, రెక్కలు చంకలో అదిమి, కొనను 3 మిల్లీమీటర్లకు మించకుండా ఆకురాయితో అరగదీయండి. లోపల ఎముక, రక్తనాళాలు ఉంటాయి, కాబట్టి కత్తిరించొద్దు. రక్తం చిమ్మితే పసుపు అద్ది నొక్కి పట్టండి. మనిషికి ముల్లు దిగితే గాయం చిన్నగా కనిపించినా లోతుగా ఉంటుంది. సబ్బునీళ్లతో బాగా కడిగి టీటీ ఇంజెక్షన్ సంగతి డాక్టరును అడగండి.

సాధువుగా ఉన్న పుంజు ఉన్నట్టుండి మారితే ఈకల కింద పేలు, అరికాళ్లలో పుండ్లు వెతకండి. నాలుగైదు పెట్టలకు రెండు పుంజులున్నా గొడవే. 8-10 పెట్టలకు ఒకటి చాలు.

నెల రోజులైనా మారకపోతే దాని గుడ్లు పొదగేయకండి, ఆ గుణం పిల్లలకూ దిగుతుంది. పందేలవాళ్లు ఎంత ధర చెప్పినా అమ్మకండి. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద కోళ్లను పోట్లాడించడం నేరం, ఆ చావు కూడా ఘోరమైనది. దానికంటే ఇంట్లో కూరకు వాడుకోవడమే నయం.