బటన్ నొక్కితే ఫోన్‌కి ఎస్ఎంఎస్: వైఫై బటన్ ఎలా తయారు చేయాలి?

మంచం పక్కన ఒక చిన్న బటన్. రాత్రిపూట పెద్దవాళ్లకు ఏదైనా అవసరమైతే దాన్ని నొక్కుతారు, ఎక్కడో ఉన్న మీ ఫోన్‌కి మెసేజ్ వస్తుంది. చీకట్లో ఫోన్ వెతుక్కోనక్కర్లేదు, లాక్ తీయనక్కర్లేదు. ప్రోగ్రామింగ్‌తో కాస్త పరిచయం ఉంటే చాలు, దీన్ని మీరే చేసుకోవచ్చు.

బటన్ వైఫై మీదుగా క్లౌడ్‌లోని చిన్న ప్రోగ్రామ్‌కి కబురు పెడుతుంది. ఆ ప్రోగ్రామ్ ఎస్ఎంఎస్ పంపిస్తుంది. మధ్యలో క్లౌడ్ ఎందుకు, బటనే నేరుగా ఎస్ఎంఎస్ సర్వీసుని పిలవొచ్చు కదా అనిపిస్తుంది. అలా చేస్తే మీ ఖాతా పాస్‌వర్డ్ లాంటి కీలన్నీ బటన్ లోపలే పెట్టాలి. అది ఎవరి చేతికైనా చిక్కితే ఖాతా కూడా చిక్కినట్టే. పైగా ఫోన్ నంబర్ మారిన ప్రతిసారీ బటన్ ఊడదీసి కోడ్ మళ్లీ ఎక్కించాలి.

బటన్ తయారీ

బ్యాటరీ కనెక్టర్ ఉన్న ఈఎస్‌పీ32 బోర్డు (వైఫై చిప్ ఉన్న చిన్న సర్క్యూట్ బోర్డు) తీసుకోండి. పుష్ బటన్ ఒక కాలు 33వ పిన్‌కి, రెండోది గ్రౌండ్‌కి కలపండి. 33వ పిన్‌కీ 3.3 వోల్టులకీ మధ్య 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ పెట్టండి. ఆకుపచ్చ, ఎరుపు ఎల్‌ఈడీలను 25, 26 పిన్‌లకు, ఒక్కోదానికి 330 ఓమ్‌ల రెసిస్టర్‌తో తగిలించండి.

మామూలు సమయంలో చిప్ డీప్ స్లీప్‌లో, అంటే దాదాపు అన్నీ ఆపేసిన గాఢనిద్రలో ఉండాలి. అప్పుడది తీసుకునే కరెంటు సుమారు 10 మైక్రో ఆంపియర్లే. కానీ బోర్డు మీద ఎప్పుడూ వెలుగుతుండే పవర్ లైటు ఉంటే అదొక్కటే అంతకన్నా చాలా ఎక్కువ తాగేస్తుంది. అలాంటి లైటు లేని బోర్డు చూసుకోండి. ఇంకొక మాట: బటన్ మీద నుంచి వేలు తీసేదాకా ఆగి, ఆ తర్వాతే చిప్‌ని నిద్రపుచ్చేలా కోడ్ రాయండి. లేదంటే నొక్కి పట్టుకున్నంతసేపూ నిద్రలేస్తూ, మెసేజ్ మీద మెసేజ్ పంపుతుంది.

ఈ చిప్‌కి 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే అందుతుంది. 5 గిగాహెర్ట్జ్ నెట్‌వర్క్ పేరు ఇస్తే కలవదు.

క్లౌడ్ వైపు

అమెజాన్ క్లౌడ్‌లో పైథాన్‌తో ఒక లాంబ్డా ఫంక్షన్ (పిలిచినప్పుడే నడిచే చిన్న ప్రోగ్రామ్) తయారు చేసి, దానికి ఫంక్షన్ యూఆర్ఎల్, అంటే దాన్ని పిలిచే వెబ్ అడ్రస్ తీసుకోండి. బటన్ ఆ అడ్రస్‌కి హెచ్‌టీటీపీఎస్ ద్వారా రిక్వెస్ట్ పంపుతుంది. రిక్వెస్ట్‌తో పాటు మీరు పెట్టుకున్న ఒక పొడవాటి రహస్య పదం రావాలి, అది సరిపోతేనే ఫంక్షన్ ముందుకు వెళ్లాలి. మెసేజ్ పంపేది ఎస్ఎన్ఎస్ అనే సర్వీసు. ఫంక్షన్‌కి దాంట్లో పబ్లిష్ చేసే, అంటే మెసేజ్ పంపే అనుమతి ఒక్కటే ఇవ్వండి, మిగతావేవీ వద్దు. ఫోన్ నంబర్ ముందు ప్లస్ గుర్తు, దేశం కోడ్ తప్పనిసరి. మెసేజ్ రకం ట్రాన్సాక్షనల్ అని పెట్టండి. లాంబ్డా టైమ్‌అవుట్ మామూలుగా 3 సెకన్లే ఉంటుంది, దాన్ని 10కి పెంచండి.

కొత్త ఖాతా మొదట శాండ్‌బాక్స్ అనే పరిమిత దశలో ఉంటుంది. ముందే వెరిఫై చేసిన నంబర్లకే, అదీ 10 వరకే, మెసేజ్ వెళ్తుంది. ఇంట్లోవాళ్ల కోసమైతే అది సరిపోతుంది. కొన్ని దేశాల్లో ఎస్ఎంఎస్ పంపేవాళ్లు ముందుగా రిజిస్టర్ కావాలి, మీ దగ్గరి నిబంధన చూసుకోండి.

మెసేజ్ తెలుగులో రాస్తే 70 క్యారెక్టర్లకే ఒక ఎస్ఎంఎస్ అయిపోతుంది. గుణింతాలు, పొల్లులు కూడా విడివిడిగా లెక్కకొస్తాయి. ‘నొక్కారు’ అన్న మాట కంటికి మూడు అక్షరాలే, లెక్కలో మాత్రం 8. అందుకే ‘పడకగది బటన్ నొక్కారు. వెంటనే ఫోన్ చేయండి’ లాంటి పొట్టి మాటలు చాలు. టైమ్ కూడా చేర్చాలంటే లాంబ్డా గడియారం యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) నడుస్తుందని గుర్తుంచుకుని మీ టైమ్‌కి మార్చండి.

లైటు ఎప్పుడు వెలగాలి

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. మొదటిసారి నేను కోడ్‌ని, బటన్ నొక్కగానే ఆకుపచ్చ లైటు వెలిగేలా రాశాను. ఒక రాత్రి రౌటర్ ఆగిపోయింది. లైటు వెలిగింది కదా అని మా ఇంట్లో పెద్దావిడ కబురు అందిందనుకుని అలాగే ఎదురుచూస్తూ కూర్చున్నారు. ఆమె నమ్మింది ఆ లైటునే.

అందుకని ఆకుపచ్చ లైటు క్లౌడ్ నుంచి 200 జవాబు (పని సరిగ్గా జరిగిందని చెప్పే కోడ్) వచ్చాకే వెలగాలి. ఎస్ఎన్ఎస్ మెసేజ్‌ని తీసుకున్నాకే లాంబ్డా ఆ జవాబు ఇవ్వాలి. అంతవరకు లైటు మిణుకుతూ ఉండాలి. మూడుసార్లు ప్రయత్నించినా జవాబు రాకపోతే ఎరుపు వెలగాలి. ఎరుపు కనిపిస్తే ఫోన్ చేయాలని, లేదా గట్టిగా పిలవాలని బటన్ వాడేవాళ్లకు ముందే చెప్పి ఉంచండి. ఆకుపచ్చ వెలిగినా మెసేజ్ సర్వీసుకి చేరినట్టే, ఫోన్‌కి చేరినట్టు కాదు. ప్రాణాపాయం ఉన్న చోట ఈ బటన్ ఒక్కదాన్నే నమ్ముకోకండి.

టెన్షన్‌లో ఉన్న మనిషి ఒక్కసారి నొక్కి ఊరుకోరు. బటన్ మేలుకుని పని చేస్తుండగా పడే నొక్కుళ్లను కోడ్‌లో పట్టించుకోకండి, చాలు.

చివరగా బటన్ రోజుకోసారి దానంతటదే లేచి ‘ఉన్నాను’ అని క్లౌడ్‌కి చెప్పేలా టైమర్ పెట్టండి. ఒక రోజంతా ఆ కబురు రాకపోతే మీకు మెసేజ్ వచ్చేలా షెడ్యూల్ చేసిన ఇంకో ఫంక్షన్ రాసుకోండి. అయిపోయిన బ్యాటరీ సంగతి అవసరం పడకముందే తెలుస్తుంది.

బటన్ పెట్టేముందు రౌటర్ ఆపి ఒకసారి, ఆన్ చేసి ఒకసారి నొక్కి చూడండి. ఆ రెండోసారి నొక్కడం మాత్రం వాడబోయే మనిషి చేతే చేయించండి.