డెండ్రోబియం పూయడం లేదా? ముందు కేన్‌ను చూడండి

డెండ్రోబియం అనే ఆర్కిడ్ మొక్క పూయకపోతే అందరూ ముందు ఎరువు గురించే అడుగుతారు. నన్నడిగితే ఎరువు సంగతి తర్వాత, మీ దగ్గరున్నది ఏ రకమో ముందు తేల్చుకోవాలి. ఈ ఒక్క ప్రజాతిలోనే 1,500కు పైగా జాతులున్నాయి. వాటిలో చలి తగిలితేనే పూసేవి ఉన్నాయి, చలి తగిలితే చచ్చేవీ ఉన్నాయి. ఇళ్లలో ఎక్కువగా కనిపించేవి రెండు వర్గాలు. హిమాలయ ప్రాంతపు నోబిలే ఒకటి, ఉత్తర ఆస్ట్రేలియా వేడికి అలవాటుపడిన బిగిబ్బమ్, దాని నుంచి వచ్చిన సంకరాలు రెండోది.

పూత చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది. నోబిలేకు కేన్ (కణుపులతో నిలువుగా పెరిగే కాండం) పొడవునా కణుపుల దగ్గర రెండేసి మూడేసి పూలు అతుక్కుని ఉంటాయి. బిగిబ్బమ్ రకానికి కేన్ కొస నుంచి పొడవాటి పూకాడ వంగుతూ వచ్చి, దాని మీద వరసగా పూస్తుంది. పూలు లేనప్పుడు ఆకు చూడండి. బిగిబ్బమ్ ఆకు దళసరిగా, తోలులా ఉండి ఎక్కువగా కేన్ పై భాగంలోనే ఉంటుంది. నోబిలే ఆకులు మెత్తగా, కేన్ పొడవునా అటొకటి ఇటొకటి వస్తాయి.

ఆకులు దండిగా ఉన్నాయి, పూలు మాత్రం లేవు

ఆకు రంగు చూడండి. ముదురు ఆకుపచ్చగా నిగనిగలాడుతూ, కేన్ సన్నగా సాగి పక్కకు వాలిపోతుంటే మొక్కకు వెలుతురు చాలడం లేదు. చూసేవాళ్లు ‘ఎంత ఆరోగ్యంగా ఉందో’ అంటారు గానీ, డెండ్రోబియంలో ఆ ముదురు రంగు మంచి గుర్తు కాదు. ఆకు కాస్త పసుపు కలిసిన లేత ఆకుపచ్చగా ఉంటే వెలుతురు సరిపోతున్నట్టు. పొద్దుటి ఎండ నేరుగా, తర్వాత 50 శాతం షేడ్ నెట్ కింద వడకట్టిన ఎండ తగిలేలా పెట్టండి. నీడలో ఉన్నదాన్ని ఒక్కసారిగా ఎండలోకి తేవద్దు, రెండు వారాలు తీసుకుని కొంచెం కొంచెంగా జరపండి. మధ్యాహ్నం ఆకును పట్టుకుంటే చేతికి వేడిగా తగులుతోందంటే ఎండ ఎక్కువైనట్టే. మాడిన మచ్చ ముందు తెల్లబారి, తర్వాత గోధుమ రంగుకు తిరిగి అక్కడే ఆగిపోతుంది. ఆ మచ్చ పోదు, పాకదు, దానికి మందు అక్కర్లేదు.

వెలుతురు బాగానే ఉన్నా పూయకపోతే కేన్ల ఎత్తు పోల్చండి. ఏటా కొత్త కేన్ పాతదానికంటే పొడవుగానో లావుగానో రావాలి. పొట్టిగా, సన్నగా వస్తోందంటే మొక్క బలం తగ్గిపోతోంది. తప్పు వేర్ల దగ్గరో, పోషణలోనో వెతకాలి.

ఇంకో మాట. ఆకులు రాలిన కేన్‌ను ‘ఎండిపోయింది’ అని కోసేసేవాళ్లు చాలామంది. నోబిలే పూసేదే నిరుడు పెరిగి ఆకు రాల్చిన కేన్ మీద. దాన్ని కోస్తే వచ్చే పూతను కోసేసినట్టే. బిగిబ్బమ్ కూడా పాత కేన్ల కొసల నుంచి మళ్లీ పూకాడలు వేస్తుంది. గోధుమ రంగుకు తిరిగి, నొక్కితే బోలుగా ఉన్న కేన్‌ను మాత్రమే తీసేయండి.

మొగ్గ రావాల్సిన కణుపులో పిలక వస్తోంది

నోబిలే పెంచేవాళ్లను ఎక్కువగా ఏడిపించేది ఇదే. కణుపు దగ్గరి కన్ను మొదట్లో అటూ ఇటూ కాని స్థితిలో ఉంటుంది. అది పువ్వూ కావచ్చు, పిలకా కావచ్చు. విశ్రాంతి తీసుకోవాల్సిన కాలంలో నీళ్లు, నత్రజని అందుతూ, రాత్రులు వెచ్చగా ఉంటే మొక్క పిలక వైపు మొగ్గుతుంది. అంటే మనం బాగా చూసుకోవడం వల్లే పూలు పోతున్నాయి.

ఏం చేయాలంటే, కేన్ కొసన చివరి ఆకు విచ్చుకుని దాని వెనక మరో ఆకు రాకపోతే ఆ ఏటి పెరుగుదల అయిపోయినట్టు. ఆ రోజు నుంచి నత్రజని ఉన్న ఎరువు ఆపేయండి. నీళ్లు క్రమంగా తగ్గించండి. కేన్ మరీ ముడుచుకుపోకుండా అప్పుడప్పుడు కొద్దిగా ఇస్తే చాలు. వెలుతురు మాత్రం తగ్గించొద్దు. రాత్రి ఉష్ణోగ్రత 10 నుంచి 15 డిగ్రీల సెల్సియస్ మధ్య నాలుగు నుంచి ఆరు వారాలు తగలాలి. ఈ సమయంలో కింది ఆకులు పసుపురంగుకు తిరిగి రాలతాయి. కంగారుపడి నీళ్లు పోయకండి, అది దాని సహజ లక్షణం.

తర్వాత కణుపుల దగ్గర చిన్న బుడిపెలు కనిపిస్తాయి. చాలామంది తొందరపడేది ఇక్కడే. ఆవగింజంత ఉన్నప్పుడే మామూలుగా నీళ్లు మొదలుపెడితే అది పిలకగా మారే అవకాశం ఉంది. బుడిపె గుండ్రంగా ఉబ్బి, మొగ్గ ఆకారం స్పష్టంగా తెలిసేదాకా ఆగండి. చదునుగా, కొస మొనదేలి, ఆకు అంచు కనిపిస్తోందంటే అది పిలకే. అలా వచ్చిన పిలకను వెంటనే తెంపకండి. దానికి రెండు మూడు వేర్లు వచ్చి, ఒక్కోటి 5 సెంటీమీటర్లు దాటాక కోసి చిన్న కుండీలో పెట్టుకుంటే ఇంకో మొక్క అవుతుంది.

రాత్రులు ఎప్పుడూ చల్లబడని చోట నోబిలేతో పోరాడటం నా దృష్టిలో దండగ. కుండీలో ఐసు ముక్కలు పెట్టే చిట్కా కూడా పనికిరాదు. మొక్కకు కావాల్సింది చల్లటి రాత్రి గాలి, వేర్లకు చలి కాదు. అలాంటి చోట బిగిబ్బమ్ సంకరాలే హాయి.

చలికాలంలో బిగిబ్బమ్ ఆకులు రాలుతున్నాయి

నోబిలేకు చేసిన ఉపవాసమే దీనికీ చేయిస్తే ఇలా అవుతుంది. రాత్రి 15 డిగ్రీల కంటే తగ్గకుండా లోపలికి చేర్చండి. చల్లగా ఉన్న రోజుల్లో నీళ్లు తగ్గించండి గానీ పూర్తిగా ఎండగట్టకండి.

మొగ్గలు పసుపురంగుకు తిరిగి విచ్చుకోకుండానే రాలుతున్నాయి

మొగ్గ దశలో కుండీ చోటు మార్చారా? పొడిగాలి, ఏసీ గాలి నేరుగా కొడుతోందా? ఒకసారి పూర్తిగా ఎండిపోయిందా? దగ్గర్లో పండ్లు మగ్గుతున్నాయా? పండే పండ్ల నుంచి వచ్చే ఇథిలీన్ వాయువుకు ఆర్కిడ్ మొగ్గలు తట్టుకోలేవు. ఇవేవీ కాకపోతే రాలిన మొగ్గను విప్పి తెల్ల కాగితం మీద దులపండి. సన్నటి గీతల్లాంటి పురుగులు కదులుతుంటే అవి తామర పురుగులు. పాడైన మొగ్గలను తీసేసి, మిగతా మొక్కను నీళ్లతో కడిగి, సాయంత్రం పూట వేప నూనె పిచికారీ చేయండి. విచ్చుకున్న పూల మీద మాత్రం కొట్టకండి, మచ్చలు పడతాయి.

కేన్లు ముడతలు పడుతున్నాయి

నీళ్లు చాలకపోయినా ఇలాగే ఉంటుంది, ఎక్కువై వేర్లు కుళ్లినా ఇలాగే ఉంటుంది. అందుకే పైనుంచి చూసి చెంబెత్తకండి, కుండీలోంచి తీసి వేరు పట్టుకుని చూడండి. ఆరోగ్యంగా ఉన్న వేరు గట్టిగా, పొడిగా ఉన్నప్పుడు వెండిలా తెల్లగా, తడిస్తే ఆకుపచ్చగా ఉంటుంది. కుళ్లిన వేరును రెండు వేళ్లతో లాగితే పైతొక్క జారి చేతికొస్తుంది, లోపలి దారంలాంటి నార మిగులుతుంది. వేర్లు గట్టిగా ఉంటే అరగంట నీళ్లలో నానబెట్టండి, వారం రెండు వారాల్లో కేన్ కోలుకుంటుంది. కుళ్లితే వాటిని కోసేసి బొగ్గు, పెంకు ముక్కలు, బెరడు ముక్కలతో చిన్న కుండీలోకి మార్చండి. మట్టి వద్దు, కోకోపీట్ పొడి అసలే వద్దు. కుండీ ఎప్పుడూ ఇరుకుగానే ఉండాలి. పెద్ద కుండీలో మధ్యభాగం ఆరదు. మొక్క ఒరిగిపోతుంటే కుండీ పెంచకుండా, దాన్ని బరువైన ఇంకో కుండీలో నిలబెట్టండి. ఆకు రాల్చిన పాత కేన్లు వయసుతో ముడతలు పడితే పట్టించుకోనక్కర్లేదు.

కొత్త మొలక నల్లబడి, లాగితే ఊడి వస్తోంది

మొలక కొసన ఆకుల మధ్య గరాటాలా ఉండే చోట రాత్రంతా నీళ్లు నిలిచాయి. కుళ్లిన భాగం కింద ఆరోగ్యంగా ఉన్న కండ కనిపించేదాకా కోసి, కోసినచోట దాల్చినచెక్క పొడి అద్దండి, వేర్లకు తగలనీయకండి. రాగి మందులు డెండ్రోబియంకు పడవు, వాటి జోలికి పోవద్దు. ఇకనుంచి నీళ్లు ఉదయం పూటే, కొత్త మొలకకు వేర్లు వేలెడు పొడవు వచ్చేదాకా తక్కువగా పోయండి. కత్తెరను ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు వాడేముందు మంట మీద కాల్చండి. ఆర్కిడ్లకు సోకే వైరస్‌లకు మందు లేదు, అవి ఎక్కువగా పాకేది కత్తెరల మీదే.

మిగతావి

ఆకు అడుగున వెండి రంగు చుక్కలు, సన్నటి బూజు గూడు ఉంటే ఎర్రనల్లి. పొడి వేడిలో వస్తుంది, ఆకుల అడుగు భాగాన్ని నీటి ధారతో కడగండి. ఆకు మొదళ్లలో తెల్లటి దూదిలా ఉంటే పిండినల్లి. స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచి, వారానికోసారి మళ్లీ చూడండి. కేన్ల మీది పొడిబారిన తొడుగుల కింద అవి దాక్కుంటాయి, తొడుగు తీసి చూడాలి.

వేరు కొసలు నల్లబడి, కుండీ అంచున తెల్లటి పొర కడితే ఎరువు ఉప్పు పేరుకుంది. ఎరువు లేని నీళ్లు కుండీలోంచి ధారాళంగా పారేలా పోసి, పది నిమిషాలాగి మళ్లీ పోయండి. తర్వాత 20-20-20 ఎరువును (నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉన్నది) లీటరుకు అర గ్రాము చొప్పున, కొత్త కేన్ పెరుగుతున్నన్నాళ్లే వారానికోసారి ఇవ్వండి.