యూకలిప్టస్ అడవిలో బొలీటు కనిపిస్తే అదేంటో పోల్చుకోవడం ఎలా

ఏప్రిల్, మే నెలల్లో వానలు పడ్డాక మెల్‌బోర్న్ చుట్టుపక్కల అడవుల్లోకి నడకకి వెళ్ళిన మనవాళ్ళు పుట్టగొడుగుని నిలబడి పైనుంచి ఫోటో తీసి "ఇదేంటి?" అంటారు. పైభాగం చూసి ఎవరూ ఏమీ తేల్చలేరు, వంగి అడుగున చూడాల్సిందే.

మన ఊళ్ళల్లో వానాకాలం పుట్టల మీద మొలిచేవాటికి కింద సన్నటి రేకులుంటాయి కదా, బొలీటు అనే రకం పుట్టగొడుగుకి ఆ చోట గిన్నెలు తోమే స్పాంజ్‌లాంటి పొర, దాన్నిండా చిన్న చిన్న చిల్లులు ఉంటాయి. గోటితో నెడితే ఆ పొర గొడుగు కండ నుంచి ఊడొస్తుంది. చెక్కలా గట్టిగా ఉండి మానుకి పక్కగా అతుక్కుని ఉంటే మాత్రం చిల్లులున్నా అది బొలీటు కాదు.

రెండోది చెట్టు. నన్నడిగితే సగం పని ఇక్కడే అయిపోతుంది. చాలా బొలీట్లు ఫలానా చెట్ల వేళ్ళతోనే పొత్తు పెట్టుకుని బతుకుతాయి, అందుకే యూరప్ పుస్తకంలో బొమ్మ చూసి యూకలిప్టస్ కింద దొరికినదానికి పోర్చీని (యూరప్‌లో ఇష్టంగా తినే బొలీటు) అని పేరు పెట్టేస్తే అది తప్పయ్యే అవకాశమే ఎక్కువ. జిగురు గొడుగుండే స్లిప్పరీ జాక్ అనే బొలీటు పైన్ చెట్ల కింద వస్తుంది, కాబట్టి దగ్గర్లో పైన్ తోట ఉందా, నేల మీద సూదుల్లాంటి ఆకులున్నాయా చూడండి.

ఇప్పుడు చాకుతో నిలువునా కోసి కదలకుండా చూడండి. పసుపు కండ కళ్ళ ముందే నీలంగా మారి, గొడుగు పైన ముదురు ఎరుపు పొలుసులు, అంచున చిరుగుల్లాంటి పొర వేలాడుతుంటే బొలెటెల్లస్ ఎమోడెన్సిస్ అనే రకం కావచ్చు. నీలం విషానికి గుర్తని కొందరంటారు, కాదు, లోపలి రంగు పదార్థం గాలి తగిలి మారుతుందంతే. నీలం రాకపోతే మంచిదనీ కాదు. చిల్లులు గులాబీ రంగులోకి తిరిగి, కాడ మీద లోతైన వల అల్లిక ఉంటే ఆస్ట్రోబొలీటస్ అనే జాతి (జీనస్) వైపు వెతకండి. గోధుమ రంగులో మరీ పెద్దగా ఉంటే ఫ్లెబోపస్ మార్జినేటస్ అయ్యుండొచ్చు, మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో ఒకటి 29 కిలోలు తూగినట్టు రికార్డుంది!

ఇంటికొచ్చాక (నేషనల్ పార్కుల్లో పర్మిట్ లేకుండా కోయకూడదు, అక్కడ ఫోటోలతో సరిపెట్టుకోండి) కాడ తీసేసి గొడుగుని తెల్ల కాగితం మీద బోర్లించి, పైన గిన్నె మూసి రాత్రంతా వదిలేయండి. పొద్దునకి చిల్లుల్లోంచి రాలిన పొడి (స్పోర్లు) ముద్ర పడుతుంది. ఆకుపచ్చ కలిసిన గోధుమా, గులాబీయా అన్నది ఏ జాతి వైపు వెతకాలో చెబుతుంది.

తినే సంగతంటారా, వద్దు. చిల్లులున్నవాటితో టెన్షన్ లేదనే మాట నమ్మొద్దు, 1994లో అమెరికాలో ఒకాయన ఎర్ర చిల్లుల బొలీటు తిని చనిపోయాడు. పిల్లలెవరైనా కొరికితే ఒంట్లో తేడా వచ్చేదాకా ఆగకుండా 13 11 26కి, అంటే ఆస్ట్రేలియా పాయిజన్స్ లైన్‌కి, ఫోన్ చేసి ఆ పుట్టగొడుగు ముక్క దాచి ఉంచండి.

ఐనేచురలిస్ట్‌లో (మొక్కలు, జంతువులు, పుట్టగొడుగుల ఫోటోలు పెడితే పోల్చుకోవడానికి సాయం చేసే వెబ్‌సైట్, యాప్) పెట్టేటప్పుడు పైభాగం, చిల్లులు, కాడ మొదలు, కోసిన కండ, పక్కనున్న చెట్టు బెరడు, అన్నీ తీసి పెట్టండి. అయినా జాతి వరకే తేలి, అందులో ఏ రకమో తేలకుండా ఆగిపోవచ్చు, ఆస్ట్రేలియా బొలీట్లలో ఇంకా పేరు పెట్టనివి చాలానే ఉన్నాయి.