మృగశిర లోపు కారు ఫ్యూజులు చూసుకోండి

రోహిణి ఎండల్లో కారు వైరింగ్ ఎవరికీ గుర్తుకు రాదు. ఏసీ చల్లగా వస్తే చాలు అనుకుంటాం. మృగశిర వచ్చి రెండు వానలు పడ్డాక బయటపడుతుంది అసలు సంగతి. వెనక లైట్లు వెలగవు, హారన్ మోగదు, ఫ్యూజ్ మారిస్తే రెండు రోజులు బాగుండి మళ్లీ పోతుంది. ఒక్కసారి పోయిన ఫ్యూజుకి బెంగ పడక్కర్లేదు. కొత్తది వేశాక అదీ పోయిందంటే మాత్రం ఎక్కడో వైరు తొడుగు ఊడి బాడీకి తగులుతోంది, లేదా ఏదో మోటారు బిగుసుకుపోయి ఎక్కువ కరెంటు లాగుతోంది. వానలు ముదరకముందే అదేంటో పట్టుకోవాలి.

చెయ్యకూడనిది ముందే చెప్తాను. 10 ఆంప్స్ ఫ్యూజ్ ఉన్నచోట 20 వెయ్యడం, సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టడం, రాగి తీగ మెలిపెట్టి గుచ్చడం. "పెద్దది వేస్తే ఇక పోదన్నా" అని దారిలో ఎవరన్నా ఒప్పుకోకండి. ఫ్యూజ్ ఉన్నది వైరుని కాపాడటానికి. 10 ఆంప్స్‌కి సరిపడా వేసిన సన్న వైరులో 20 పారితే ఫ్యూజ్ నిలబడుతుంది, వైరు కాలుతుంది. అదీ డ్యాష్‌బోర్డు వెనక, కార్పెట్ కింద, ప్లాస్టిక్కూ ఫోమూ మధ్యలో, మనకి కనపడని చోట.

మామూలు బ్లేడ్ ఫ్యూజుల్లో 7.5 గోధుమ రంగు, 10 ఎరుపు, 15 నీలం, 20 పసుపు, 30 ఆకుపచ్చ. తల మీద అంకె కూడా ఉంటుంది. పోయినదాన్ని పారేయకుండా వెలుతురులో పట్టుకుని చూడండి. లోపలి తీగ మధ్యలో శుభ్రంగా తెగి ఉంటే లోడు కొంచెం ఎక్కువై మెల్లగా పోయి ఉండవచ్చు. లోపలంతా మసి కొట్టి తీగ చెదిరిపోయి ఉంటే చాలావరకు నేరుగా షార్టే, అంటే వైరు బాడీకి తగలడమే.

ఏ ఫ్యూజ్ పోయిందో అందరం చూస్తాం. ఎప్పుడు పోతోందో చూసుకోం. నిజానికి సగం పని అక్కడే తేలుతుంది. పోయిన ఆగస్టులో మా హ్యాచ్‌బ్యాక్‌కి పార్కింగ్ లైట్ల ఫ్యూజ్ వారంలో నాలుగుసార్లు పోయింది. ఒకచోట బల్బులు మార్చారు, ఇంకోచోట స్విచ్ మార్చారు. చివరికి విజయవాడ ఆటోనగర్‌లో ఒక పెద్దాయన దగ్గరికి వెళ్తే, బానెట్ తియ్యకుండానే "ఎప్పుడు పోతోంది సార్?" అని అడిగాడు. నాకు జవాబు తోచలేదు. పక్కనున్న మా ఆవిడ చెప్పింది: "డిక్కీ తీసి సామాను పెట్టిన రోజే పోతోందండీ."

ఆయన ముందు ఆ లైన్లో బల్బులన్నీ తీసేశాడు. పాత 21 వాట్ల బ్రేక్ బల్బుకి హోల్డరు, రెండు వైర్లు కట్టి ఉంచుకున్నాడు. ఆ రెండు కొసలూ ఫ్యూజ్ గుచ్చే చోట పెట్టి పార్కింగ్ లైట్లు ఆన్ చేశాడు. డ్యాష్‌బోర్డు లైట్ల వల్ల ఆ బల్బు సన్నగా మినుకుమంటే సరే, ఫుల్లుగా వెలిగితే షార్ట్ ఉన్నట్టు. డిక్కీ మెల్లగా ఎత్తుతుంటే సగం దాకా మినుకుమంది, పైకి వెళ్లగానే భగ్గున వెలిగింది. డిక్కీ కీలు దగ్గర వైర్లు దూరే రబ్బరు గొట్టం జరిపి చూపించాడు. తెరిచి మూసి తెరిచి మూసి ఒక వైరు పైతొడుగు అంగుళం మేర పగిలింది. లోపలి రాగికి పచ్చగా చిలుము పట్టింది. టేపు చుట్టి వదిలెయ్యలేదాయన. పాడైన ముక్క కోసేసి, అంతే మందం ఉన్న కొత్త వైరు వేసి, అతుకులు వంగే చోట పడకుండా అవతలికి జరిపి స్లీవ్ తొడిగాడు.

మీరూ అలాగే ఒక కాగితం మీద రాసుకోండి. తాళం తిప్పకముందే పోతోందా, స్విచ్ వేసిన క్షణంలోనా, గోతుల్లో పడ్డప్పుడా, స్టీరింగ్ తిప్పినప్పుడా, రివర్స్ వేసినప్పుడా, వాన పడ్డాక మాత్రమేనా? గోతుల్లో అయితే ఎక్కడో వైరు రాసుకుంటోంది. వానలోనే అయితే ముందు వెనక లైట్ల అద్దం లోపల నీటిచుక్కలు ఉన్నాయేమో చూడండి. వైపర్ ఫ్యూజ్ అయితే ఎండకి బ్లేడు అద్దానికి అతుక్కుందా, కింద కీళ్లు తుప్పుపట్టాయా, ఎండుటాకులు ఇరుక్కున్నాయా చూడండి. మోటారు తిరగలేక ఎక్కువ కరెంటు లాగుతుంది. ఛార్జింగ్ సాకెట్ ఫ్యూజ్ అయితే అందులో రూపాయి బిళ్ల పడిందేమో టార్చి వేసి చూడండి. ఎలుకల సంగతి చెప్పనక్కర్లేదు, వానకి ఇంజిన్ పక్కన వెచ్చగా చేరి వైర్లు కొరుకుతాయి.

బయట పెట్టించిన లైట్ల మీద నాకు గట్టి అనుమానం. కంపెనీ ఇచ్చే 60/55 వాట్ల (హైబీమ్ 60, లోబీమ్ 55) హెడ్‌లైట్ బల్బులు రెండూ హైబీమ్‌లో కలిపి సుమారు 10 ఆంప్స్ తీసుకుంటాయి. 100 వాట్లవి వేస్తే 16 దాటుతుంది. వైరు మాత్రం పాతదే. ఎక్స్‌ట్రా లైట్లు కావాలంటే వేరే రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్, ఆఫ్ చేసే స్విచ్), బ్యాటరీ పక్కనే దానికో ఫ్యూజ్ పెట్టించండి.

చెయ్యి పెట్టేముందు తాళం తీసి బ్యాటరీ మైనస్ విప్పండి. బల్బుతో పరీక్షించేటప్పుడే మళ్లీ తగిలించండి. ఆ పరీక్ష లైట్లకీ హారన్‌కీ మాత్రమే. ఎయిర్‌బ్యాగ్ పసుపు కనెక్టర్ల జోలికీ, హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో నారింజ రంగు కేబుళ్ల జోలికీ అస్సలు పోవద్దు. అవి సర్వీస్ సెంటర్ పని. వరద నీళ్లు కారు లోపలికి వస్తే ఫ్యూజులు మార్చి స్టార్ట్ చేసి చూద్దాం అనుకోకండి, మైనస్ విప్పించి లాగించుకుపోండి.

డ్యాష్‌లో ఒక్కో అంకెవి రెండేసి ఫ్యూజులు, పీకే ప్లాస్టిక్ చిమటా, చిన్న టార్చి ఉంచుకోండి. ఫ్యూజ్ బాక్సులు చాలా కార్లలో రెండుంటాయి, ఒకటి డ్యాష్‌బోర్డు కింద, ఇంకోటి ఇంజిన్ దగ్గర. రెండింటి మూతల మీది బొమ్మనీ ఈ ఆదివారమే ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి.