ఇద్దరు ల్యాప్‌టాప్ డీజేలకు అందుబాటు ధరలో మిక్సర్: ఎంచుకునే పద్ధతి

విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం రోజుల్లోనైనా, నరసన్నపేటలో పెళ్ళి రిసెప్షన్‌లోనైనా ఇద్దరు మిత్రులు చెరొక ల్యాప్‌టాప్ పెట్టుకుని ఒకే స్పీకర్ల మీద పాటలు వేయాలంటే మధ్యలో ఒక మిక్సర్ తప్పనిసరి. దుకాణానికి వెళ్ళగానే ఎన్ని ఛానళ్ళది (విడివిడిగా పెంచి తగ్గించగల ఎన్ని ఇన్‌పుట్‌లది) కావాలని అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పే ముందు మీరిద్దరూ తేల్చుకోవలసినది మరొకటి ఉంది: పాటకు పాట కలిపే పని ల్యాప్‌టాప్ లోపల సాఫ్ట్‌వేర్‌లో జరుగుతుందా, బయట మిక్సర్ మీద జరుగుతుందా? ఏ రకం మిక్సర్ కొనాలన్నదీ, ఎంత ఖర్చవుతుందన్నదీ ఈ ఒక్క నిర్ణయం మీదే ఆధారపడి ఉంటాయి.

సెరాటో, ట్రాక్టర్, వర్చువల్ డీజే, ఉచితంగా దొరికే మిక్స్ వంటి సాఫ్ట్‌వేర్లన్నిటిలోనూ రెండు డెక్కులూ (పాటను ఎక్కించి నడిపే భాగాలు), వాటిని కలిపే మిక్సరూ తెర మీదే ఉంటాయి. మీరిద్దరూ ఎవరి పాటలను వారు తమ ల్యాప్‌టాప్‌లోనే, లేదా దానికి తగిలించిన చిన్న కంట్రోలర్ (సాఫ్ట్‌వేర్‌ను చేత్తో నడిపే నాబ్‌ల పెట్టె) మీదనే కలుపుకునేవారైతే, ఒక్కొక్కరి నుంచి బయటకు వచ్చేది ఒక్క స్టీరియో జతే, అంటే ఎడమ, కుడి సిగ్నళ్ళే. అప్పుడు మీకు కావలసింది రెండు స్టీరియో ఛానళ్ళు, ప్రకటనలకు ఒక మైకు ఇన్‌పుట్, అంతే. ఈ పనికి డీజే మిక్సర్ అన్న పేరున్న పరికరమే అక్కరలేదు. బెరింజర్ జెనిక్స్ 802, యమహా ఎంజీ06 వంటి చిన్న మైకు మిక్సర్లలో రెండు స్టీరియో ఛానళ్ళతో పాటు రెండు మైకు ఇన్‌పుట్‌లు కూడా ఉంటాయి. వాటిలో పైకీ కిందికీ జరిపే ఫేడర్లకు బదులు తిప్పే నాబ్‌లు ఉండటం ఒక లోటే కానీ, ఒకరు అరగంట, మరొకరు అరగంట వంతున వేసే జోడీకి అది పెద్ద ఇబ్బంది కాదు. బడ్జెట్ బిగువుగా ఉన్నవారికి నేను ముందుగా సూచించేది ఈ మార్గాన్నే.

నువ్వొక పాట, నేనొక పాట అన్నట్టు వెంటవెంటనే మార్చుకుంటూ వాయించే జోడీ సంగతి వేరు. వారికి వేలితో చటుక్కున జరపగల ఫేడర్లూ, ఒక్కో ఛానల్‌కు బేస్, మిడ్, ట్రెబుల్ విడివిడిగా తగ్గించే నాబ్‌లూ అవసరం కాబట్టి రెండు ఛానళ్ళ డీజే మిక్సర్ తీసుకుని ఒక్కో ల్యాప్‌టాప్‌కు ఒక్కో ఛానల్ ఇవ్వడం మంచిది. ఇక ప్రతి ల్యాప్‌టాప్‌లోని రెండు డెక్కులనూ విడివిడిగా బయటకు తెచ్చి మిక్సర్ మీదే కలపాలనుకుంటే, న్యూమార్క్ ఎం6 యూఎస్‌బీ తరహా నాలుగు ఛానళ్ళ మిక్సరూ, దానికి తోడు ఇద్దరికీ చెరొక నాలుగు అవుట్‌పుట్‌ల సౌండ్‌కార్డూ (ల్యాప్‌టాప్‌కు తగిలించి ధ్వనిని బయటకు తెచ్చే చిన్న పెట్టె) కొనవలసి వస్తుంది. అలెన్ అండ్ హీత్ వారి జోన్ 23లో ఛానళ్ళు రెండే అయినా ఒక్కో ఛానల్‌లో వేరువేరు లెవల్ నాబ్‌లతో రెండు ఇన్‌పుట్‌లు కలుస్తాయి. అయితే ఆ రెండింటికీ ఫేడరూ, ఈక్యూ (బేస్, మిడ్, ట్రెబుల్ నాబ్‌లు) ఉమ్మడివే కాబట్టి దానిని పూర్తి నాలుగు ఛానళ్ళ మిక్సర్‌గా లెక్కించకూడదు.

యూఎస్‌బీ పోర్టు ఉన్న మిక్సర్ కొంటే రెండు ల్యాప్‌టాప్‌లనూ నేరుగా దానికే తగిలించవచ్చునని చాలామంది అనుకుంటారు. అందుబాటు ధరలో దొరికే మిక్సర్లలో సాధారణంగా ఒకే యూఎస్‌బీ పోర్టు ఉంటుంది, దానికి ఒక కంప్యూటరే తగులుతుంది. పైగా చిన్న మిక్సర్లలో ఆ తీగ మీద నడిచేది అన్ని ఛానళ్ళూ కలిసిపోయిన ఒక్క స్టీరియో జతే. రికార్డింగుకు అది పనికి వస్తుంది, రెండో ల్యాప్‌టాప్‌కు పనికిరాదు. రెండు కంప్యూటర్లను ఒకేసారి తగిలించే సదుపాయం పయొనీర్ డీజేఎం-900ఎన్‌ఎక్స్‌ఎస్2, డీజేఎం-ఎస్9 వంటి ఖరీదైన వాటిలో ఉంది కానీ, వాటి ధర మన చర్చకు అందనిది. బ్లూటూత్ అయితే అసలే వద్దు. ధ్వని ఆలస్యంగా చేరడం వల్ల తాళానికి తాళం కలపడం సాధ్యం కాదు.

అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టేది హెడ్‌ఫోన్ వ్యవహారం. ఒకరి పాట స్పీకర్లలో మోగుతుండగా మరొకరు తమ తరువాతి పాటను చెవిలో సరిచూసుకోవాలి. చవక మిక్సర్లలో చాలావాటికి హెడ్‌ఫోన్ జాక్ ఒక్కటే ఉంటుంది. దానికి స్ప్లిటర్ పెట్టి రెండు హెడ్‌ఫోన్లు తగిలించినా ఇద్దరికీ వినిపించేది ఒకే శబ్దం. అందువల్ల వినే ఏర్పాటును మిక్సర్‌కు వదిలేయకుండా ఎవరి ల్యాప్‌టాప్ దగ్గర వారే చేసుకోవడం మేలు. నాలుగు అవుట్‌పుట్‌లున్న సౌండ్‌కార్డు, ఉదాహరణకు బెరింజర్ యూఎంసీ204హెచ్‌డీ, ఉంటే మొదటి జతను మిక్సర్‌కు పంపి, రెండో జతను హెడ్‌ఫోన్‌లో వినవచ్చు. అదే సంస్థ అమ్మే చిన్న యూసీఏ222కు కూడా హెడ్‌ఫోన్ జాక్ ఉంటుంది కానీ, దానికి ఉన్నవి రెండే అవుట్‌పుట్‌లు, మిక్సర్‌కు పోయే ధ్వనే హెడ్‌ఫోన్‌లోనూ వస్తుంది. హెడ్‌ఫోన్ జాక్ ఉందా అని కాక, అవుట్‌పుట్‌లు ఎన్ని అని దుకాణదారును అడగండి. పయొనీర్ డీడీజే-400 వంటి కంట్రోలర్ ఇప్పటికే ఉన్నవారికి ఈ బెడద లేదు, ఎందుకంటే సౌండ్‌కార్డు దానిలోనే ఉంటుంది. వెనక ఉన్న మాస్టర్ (అంతా కలిసిన తుది ధ్వని వచ్చే) ఆర్‌సీఏ పిన్నులను, అంటే ఎరుపు, తెలుపు పిన్నులను మిక్సర్‌కు కలిపితే సరిపోతుంది.

డీజే మిక్సర్ల వెనక ఫోనో, లైన్ అని రెండు రకాల ఇన్‌పుట్‌లు కనిపిస్తాయి. ఫోనో అన్నది గ్రామఫోన్ రికార్డుల టర్న్‌టేబుల్‌కు ఉద్దేశించినది. అది బలహీనమైన సిగ్నల్‌ను ఎన్నో రెట్లు పెంచడమే కాక బేస్‌ను ప్రత్యేకంగా ఎత్తుతుంది. ల్యాప్‌టాప్‌ను పొరపాటున దానికి తగిలిస్తే ధ్వని పగిలిపోతుంది. కాబట్టి మీకు కావలసినన్ని లైన్ ఇన్‌పుట్‌లు ఉన్నాయో లేదో లెక్కపెట్టుకోండి, ఫోనో ఇన్‌పుట్‌ల కోసం అదనంగా చెల్లించకండి.

తీగల విషయంలో ఒక చిక్కు ఉంది. ల్యాప్‌టాప్ నుంచి ఈపీ పిన్నుతో (హెడ్‌ఫోన్‌కు ఉండే సన్నని 3.5 మి.మీ. పిన్ను) వచ్చేది స్టీరియో, అంటే ఎడమ, కుడి రెండు వేరువేరు సిగ్నళ్ళు. దానిని ఒక మార్పు పిన్నుతో మిక్సర్‌లోని ఒకే బ్యాలెన్స్‌డ్ (ఒకే సిగ్నల్‌ను రెండు తీగల్లో తీసుకునే) ఇన్‌పుట్‌లో దూర్చితే, ఆ ఇన్‌పుట్ ఒక వైపు సిగ్నల్ నుంచి రెండో వైపును తీసివేస్తుంది. రెండు వైపులా సమానంగా ఉండే గాయకుడి గొంతు దాదాపు మాయమై వెనక వాద్యాలు మాత్రం మిగులుతాయి. మండపంలో పాట మోగుతూ గొంతు వినిపించకపోతే స్పీకర్లను అనుమానించే ముందు ఈ తీగను చూడండి. ఈపీ పిన్ను ఒక కొసన, రెండు ఆర్‌సీఏ పిన్నులో రెండు పి-38 (లావు 6.3 మి.మీ.) జాక్‌లో రెండో కొసన ఉన్న తీగను స్టీరియో ఛానల్‌కు తగిలించడమే సరైన పద్ధతి.

ఊళ్ళలో మైకు సెట్టు వారి యాంప్లిఫయర్లు తరచుగా మోనోవే. మిక్సర్ మాస్టర్‌లో ఎడమ వైపును మాత్రమే వారికి ఇస్తే పాటలో సగం పోతుంది. అందుచేత మోనో అవుట్‌పుట్ గాని, మోనో స్విచ్ గాని ఉన్న మిక్సర్ మన ప్రాంతంలో ఎక్కువ ఉపయోగపడుతుంది. మాస్టర్‌కు ఎక్స్‌ఎల్‌ఆర్ (మైకు తీగకు ఉండే మూడు పిన్నుల) అవుట్‌పుట్ ఉంటే స్టేజీ నుంచి యాంప్లిఫయర్ దాకా పొడవాటి తీగ లాగినా గోల చేరదు.

ల్యాప్‌టాప్‌కు ఛార్జర్ పెట్టగానే స్పీకర్లలో గుయ్‌మని హమ్మింగ్ మొదలై, ఛార్జర్ తీయగానే ఆగిపోతే తప్పు మిక్సర్‌ది కాదు. ఎర్త్ రెండు మూడు దారుల్లో చుట్టుకోవడమే దానికి కారణం. రెండు ల్యాప్‌టాప్‌లున్నచోట ఇది రెట్టింపు అవుతుంది. స్టేజీకి ఒక వైపు జనరేటర్, మరో వైపు ఇంటి కరెంటు వాడే జాతర ఏర్పాట్లలో మరీ ఎక్కువ. రెండు ఛార్జర్లూ, మిక్సరూ, వీలైతే యాంప్లిఫయరూ ఒకే బోర్డు నుంచి తీసుకోండి. అప్పటికీ పోకపోతే ల్యాప్‌టాప్‌కూ మిక్సర్‌కూ మధ్య ఆ ఎర్త్ దారిని తెంచే, ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న ఐసొలేటర్ పెట్టండి. ఛార్జర్ ఎర్త్ పిన్ను విరగ్గొట్టే అలవాటు కొందరికి ఉంది; అది ప్రాణాలతో చెలగాటం.

మైకు ఇన్‌పుట్‌కు వేరే లెవల్ నాబ్, కనీసం రెండు నాబ్‌ల ఈక్యూ ఉండాలి. పెళ్ళికి ఒక యాంకర్ మైకు చాలు. తప్పెటగుళ్ళ బృందంతో కలిసి ప్రదర్శన ఇచ్చే ఆలోచన ఉంటే రెండు మైకులైనా పెట్టగలిగే మిక్సర్ తీసుకోండి. ఇద్దరి పాటల వేగం కలవడం మాత్రం మిక్సర్ పని కాదు. సెరాటో డీజే ప్రో, ట్రాక్టర్ వంటివి ఏబుల్టన్ లింక్‌ను (కంప్యూటర్ల మధ్య పాట వేగాన్ని పంచుకునే పద్ధతి) అనుసరిస్తాయి కనుక రెండు ల్యాప్‌టాప్‌లనూ ఒకే వైఫైకి కలిపి, రెండింటిలోనూ దానిని ఆన్ చేస్తే వేగం దానంతటదే సరిపోతుంది. మిక్సర్‌లోని ఎఫెక్టులకూ, బీట్లు లెక్కపెట్టే మీటరుకూ డబ్బు పెట్టనవసరం లేదు. అవి సాఫ్ట్‌వేర్‌లోనే ఉన్నాయి.

మొత్తం 20,000 రూపాయలు అనుకుంటే అందులో సగానికి మించి మిక్సర్‌కు కేటాయించకండి. సౌండ్‌కార్డులు, తీగలు, ఒక మంచి మైకు కలిసి మిగిలిన సగాన్ని సులభంగా తినేస్తాయి. ఆన్‌లైన్‌లో కొన్ని వందలు తగ్గవచ్చు. కానీ మరమ్మతు వస్తే శ్రీకాకుళం నుంచైనా విజయనగరం నుంచైనా విశాఖకు తీసుకుపోవలసి రావచ్చు కాబట్టి, కొనే ముందే వారంటీ ఎక్కడ చెల్లుతుందో కాగితం మీద చూసుకోవాలి. పాత మిక్సర్ కొనేటప్పుడు మీ ల్యాప్‌టాప్, హెడ్‌ఫోన్ వెంట తీసుకెళ్ళి ప్రతి ఫేడర్‌నూ నెమ్మదిగా చివరి నుంచి చివరి దాకా జరపండి. గరగర వినిపిస్తే అది దుమ్ము కావచ్చు, శుభ్రం చేస్తే పోవచ్చు. క్రాస్‌ఫేడర్‌ను (ఒక ఛానల్ నుంచి మరో ఛానల్‌కు మార్చడానికి అడ్డంగా జరిపేది) పూర్తిగా ఒక వైపుకు జరిపినా రెండో ఛానల్ సన్నగా వినిపిస్తుంటే మాత్రం ఆ భాగం మార్చాల్సి రావచ్చు, ఆ మేరకు ధర తగ్గించమనండి. అడాప్టర్ అసలుదేనా అన్నది కూడా చూడండి: చిన్న మిక్సర్లలో కొన్నిటికి డీసీ కాక ఏసీ ఇచ్చే ప్రత్యేక అడాప్టర్ కావాలి, ఇంట్లో పడి ఉన్న మరో అడాప్టర్ దానికి పనికిరాదు.