సిరామిక్ కోటింగ్ వేశాక కారు మీద చారలు, గరుకుతనం: విశాఖలో ఎందుకొస్తాయి, ఏం చేయాలి

బానెట్ మీద నూనె ఒలికినట్టు రంగుల చారలు, ముదురు మచ్చలు

సెల్లార్‌లో ట్యూబులైటు కింద అద్దంలా కనిపించిన బానెట్, మర్నాడు ఎండలోకి తీయగానే ఇలా తేలింది. నా మొదటి కారుకు సిరామిక్ కోటింగ్, అంటే పెయింటు మీద పూస్తే గాజులా గట్టిపడే రక్షణ ద్రవం, వేసినప్పుడు జరిగింది ఇదే. వీటిని హై స్పాట్లు అంటారు.

కారణం: అదనపు ద్రవాన్ని తుడిచేలోపే అది గట్టిపడింది. చాలా కోటింగులు గాలిలోని తేమ తగిలి గట్టిపడే రకం. పెట్టె మీద రెండు నిమిషాలు ఆగమని రాసినవారు మన సముద్రపు గాలి పీల్చి రాసి ఉండరు. ఉక్కపోత రోజున, అందులోనూ బీచ్ రోడ్డు దాపుల్లో, అంతకంటే చాలా ముందే తుడవాల్సి రావచ్చు. గడియారం పక్కన పెట్టి పూతను గమనించండి. చెమట పట్టినట్టు సన్నటి చుక్కలు తేలి, రంగులు మెరిశాయంటే తుడవాల్సిన సమయం వచ్చినట్టే. ఒక్కో విడతకు రెండడుగుల చదరం మించవద్దు. డోరంతా ఒకేసారి పూసేస్తే చివరి మూలకు వెళ్లేసరికి మొదటి మూల బిగుసుకుంటుంది.

పరిష్కారం: గంటలోపు కనిపిస్తే అదే కోటింగ్ రెండు చుక్కలు మచ్చపై రుద్ది వెంటనే తుడవండి. కొత్త ద్రవం పాతదాన్ని మెత్తబరుస్తుంది. మర్నాటికి కనిపిస్తే పాలిష్ తప్పదు. ఆ మేరకు తీసేసి, పాలిష్ నూనె పోయేలా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి మళ్లీ పూయాలి. పని చేస్తున్నంతసేపూ టార్చి ఏటవాలుగా పట్టి చూస్తే ఈ తంటా ఉండదు.

చేత్తో నిమిరితే గరుకు

పోర్టు వైపు, గాజువాక వైపు ఉండేవారికి ఈ బాధ ఎక్కువ. బొగ్గు పొడి, ఇనుప రజను పెయింటులో నాటుకుపోతాయి. షాంపూతో కడిగినా వదలవు. వాటిపైనే కోటింగ్ వేస్తే గాజు కింద ఇసుక దాచినట్టే. అప్పుడిక పాలిష్‌తో పూతంతా తీసి మొదటి నుంచి చేయాలి. అందుకే ముందే చేతికి పాలిథిన్ సంచి తొడిగి నిమిరి చూడండి, ప్రతి రేణువూ తెలిసిపోతుంది. ఐరన్ రిమూవర్ చల్లితే ఇనుమున్న చోట ఊదారంగు కారుతుంది. బొగ్గుకు అది పనిచేయదు. షాంపూ నీళ్లతో తడుపుతూ క్లే బార్ (రేణువులను లాగేసే మెత్తటి మట్టి ముద్ద) నడపాల్సిందే.

నీళ్లు పూసల్లా జారడం లేదు

పూత పోయిందని కంగారు పడకండి. చాలాసార్లు పైన ఉప్పు, దుమ్ము పేరుకుంటుంది, అంతే. బాగా కడిగి చూడండి. ఒక్క డోరు మీదే నీళ్లు నిలుస్తుంటే అక్కడ పాలిష్ నూనె తుడవకుండా పూశారని అనుమానించాలి.

తెల్లటి వలయాలు

బోరు నీళ్లు ఆరితే మిగిలే సున్నపు మరకలివి. తెల్ల వెనిగర్, డిస్టిల్డ్ వాటర్ సమపాళ్లలో కలిపి గుడ్డతో ఒక నిమిషం అద్ది కడిగేయండి. పూత వేసిన మొదటి 24 గంటలు చుక్క నీరు తగలనివ్వవద్దు. మంచు కూడా నీరే కాబట్టి రాత్రి ఆరుబయట ఉంచకండి.

సన్నటి గీతలు

తుడిచిన మైక్రోఫైబర్ గుడ్డను ఉతికి మళ్లీ వాడారా? అందులో ఇంకిన కోటింగ్ గట్టిపడి గరుకు పలుకులవుతుంది. నేనూ పొదుపు చేయబోయి డిక్కీ నిండా గీతలు తెచ్చుకున్నాను. ఆ గుడ్డలు అదే రోజు చెత్తబుట్టలోకి వెళ్లాలి.