సెకండ్ హ్యాండ్ తెరచాప పడవ: రంగు కాదు, బరువు చూడండి

పాత పడవ చూడ్డానికి తోడు రమ్మని ఎవరైనా పిలిస్తే టార్చిలైటు, స్క్రూడ్రైవరు, ఒక పాత గుడ్డ సంచిలో వేసుకుని బయల్దేరతాను. దారిలో మాత్రం ఒకటే అడుగుతాను: "ఎవరితో వెళ్దామని కొంటున్నావ్?"

ఒక్కరే వెళ్లేటట్టయితే లేజర్ అనే చిన్న పడవ లాంటిది చాలు. 2019 నుంచి దాన్ని ఐఎల్‌సీఏ అంటున్నారు, అమ్మేవాళ్లు రెండు పేర్లూ వాడతారు. పొడవు 4.2 మీటర్లు, హల్ (మాస్ట్, తెరచాప లేని ఖాళీ పడవ) బరువు సుమారు 59 కిలోలు, ఒకటే తెరచాప. మాస్ట్‌ను (తెరచాప కట్టే స్తంభాన్ని) పట్టి ఉంచే వైర్లు లేవు కాబట్టి త్వరగా సిద్ధం చేసుకోవచ్చు. కానీ బట్టలు తడవకుండా ఒడ్డుకు రావడం కష్టం. ఇంటిల్లిపాదీ వెళ్లాలంటే వేఫేరర్ లాంటి వెడల్పాటి పడవ నయం. అయితే దాని హల్ ఒక్కటే 170 కిలోల దాకా ఉంటుంది, నీళ్లలోంచి పైకి లాగడానికి ఇంకో మనిషి కావాలి. పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేసేవాళ్లకి క్యాబిన్ ఎందుకో నాకు ఎప్పటికీ అర్థం కాదు. బరువు పెరుగుతుంది, పడవను లాక్కెళ్లే ట్రైలర్ బండి పెద్దదవుతుంది, సిద్ధం చేసుకునే బద్ధకానికి పడవ ఒడ్డునే ఉండిపోతుంది.

పడవ దగ్గరికి వెళ్లగానే మెరుపు చూసి మురిసిపోకండి. వెలిసిన రంగు మీకే లాభం, బేరానికి పనికొస్తుంది. ముందు హల్‌ను తూకం వేయండి. చిన్న పడవకైతే ఇద్దరు మనుషులు, బాత్రూమ్ తూకం సరిపోతాయి. ఉండాల్సిన దానికంటే పది కిలోలు ఎక్కువ తూగిందంటే లోపలి ఫోమ్ నీళ్లు తాగేసిందని అనుమానించాలి. బయట ఎండబెడితే ఆ నీళ్లు అంత తేలిగ్గా పోవు. తర్వాత స్క్రూడ్రైవర్ పిడితో డెక్ (పడవ పైభాగం) అంతా తడుతూ వెళ్లండి. గట్టిగా 'టక్ టక్' అంటూ వచ్చిన చప్పుడు ఒక్కసారిగా 'డబ్ డబ్' అని బోలుగా మారితే అక్కడ పొరలు విడిపోయి ఉండొచ్చు. బొటనవేలితో నొక్కండి, లొత్త పడితే ఆ పడవ వదిలేయండి. సన్నటి గీతల్లాంటి పగుళ్లు పెద్ద విషయం కాదు. ఒకేచోటు నుంచి నక్షత్రంలా విచ్చుకున్నవైతే అక్కడ దెబ్బ తగిలిందని అర్థం, టార్చి వేసి లోపలివైపు చూడాలి.

లేజర్‌కి ఇంకో పరీక్ష ఉంది, ఇది తప్పనిసరి. మాస్ట్ దిగే గుంటలో నిండా నీళ్లు పోసి మట్టం దగ్గర పెన్సిల్‌తో గీత పెట్టండి. మిగతా పడవ చూసుకుని తిరిగి రండి. నీళ్లు గీత కిందికి దిగాయంటే అవి హల్ లోపలికే వెళ్తున్నాయి. గాలి బలమంతా పడేది అక్కడే, విరిగేది కూడా ఎక్కువగా అక్కడే. అమ్మేవాడు "ఆ, అది మామూలే" అంటే నవ్వి ఊరుకోండి.

వైర్లున్న పడవైతే గుడ్డను వైరు పొడవునా మెల్లగా జార్చండి. తెగిన తీగ పోగుకు గుడ్డ పట్టుకుంటుంది. ఖాళీ చేత్తో మాత్రం వద్దు, కోసుకుంటుంది. ఒక్క పోగు తెగినా ఆ సెట్టంతా మార్చాలనే లెక్కేసుకోండి. సెంటర్‌బోర్డ్ (పడవ కింద నీళ్లలోకి దించే పలక) పైకీ కిందికీ ఆడించి చూడండి. పడవ ట్రైలర్ మీదుంటే లోపల నాలుగు బకెట్ల నీళ్లు పోసి, ఆ బోర్డు దిగే పెట్టె చుట్టూ కింద కారుతోందేమో వంగి చూడండి.

తెరచాపను వెలుతురుకెదురుగా పట్టుకుని చూడాలి. ఎండకు గుడ్డకంటే ముందు కుట్టు పోతుంది. కుట్టును గోటితో గీరండి, దారం పుటుక్కున తెగితే మొత్తం మళ్లీ కుట్టించాల్సిందే. కొత్త డాక్రాన్ (తెరచాప గుడ్డ) గరగరలాడుతుంది, పాతది మెత్తబడుతుంది. సరదాగా తిరగడానికి మెత్తటిదైనా నడుస్తుంది, పందేలకి పనికిరాదు. కొత్త తెరచాప ధర ముందే కనుక్కుని వెళ్లండి, బాగా పాత పడవైతే ఒక్కోసారి పడవకంటే అదే ఎక్కువ పడుతుంది.

ట్రైలర్ టైరు మీద నాలుగంకెలుంటాయి. 2318 అంటే 2018లో 23వ వారం తయారైందని. చక్రం పైకి లేపి తిప్పితే కరకరలాడితే బేరింగ్ పోయినట్టే. పడవ మీదున్న హల్ నంబరు, కాగితాల్లోని నంబరు ఒకటో కాదో చూసుకోండి.

ఇవన్నీ సరిపోతే మాస్ట్, తెరచాప అమ్మేవాడినే బిగించమనండి, ఏం లేవో, ఏది తాడుతో కట్టి సర్దేశాడో అప్పుడే బయటపడుతుంది. తేలికపాటి గాలిలో నడిపి, ఒక్క క్షణం చుక్కాని పిడి వదలండి. పడవ మెల్లగా గాలికెదురు తిరగాలి. గాలికి దూరంగా తిరుగుతుంటే మాస్ట్ వాలు సరిచేయించాకే మళ్లీ చూడండి. ఒడ్డుకొచ్చాక హల్ లోపలి నీళ్లు వదిలే ప్లగ్గు తీయండి. ఓ గ్లాసెడు నీళ్లు వస్తే అడ్వాన్స్ మాట్లాడుకోవచ్చు, బకెట్ నిండితే ఇంకో పడవ చూసుకోండి.